పద్దుకెక్కని పాయింట్లు



మన కళాశాలల్లో తెలుగు ఆచార్యుల పేరిట, చరిత్ర ఆచార్యుల పేరిట స్మారకోపన్యాసాలు చాలానే జరుగుతాయి. ఒక పి.డి. మేడం, అంటే వ్యాయామ అధ్యాపకురాలి పేరిట జరగడం నేనెరిగినంతలో అరుదు. అందుకే పిలవగానే ఒప్పుకున్నాను. ఆటల గురించి ఏదైనా మాట్లాడమన్నారు. అమెరికా కళాశాలల్లో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయిలకు, వాళ్ల కోచ్‌లకు ఇచ్చే జాతీయ పురస్కారాల గురించి మాట్లాడతాను. ఎక్కడి అమెరికా, ఎక్కడి మన గ్రౌండు అని మీరు అనుకోవచ్చు. మన పిల్లలు ఎందరో చదువుకుంటున్న విశ్వవిద్యాలయాల్లోనే ఈ ఆటలు జరుగుతాయన్నది ఒక చిన్న సంబంధం. అసలు కారణం వేరు. ఒక ఆటకు గౌరవం ఎలా పుడుతుంది, ముందు ఏమి జరిగితే పుడుతుంది అన్నది ఆ చరిత్రలో మొదటి నుంచీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నా మాట ఒక్కటే: ఎవరైనా కూర్చుని లెక్క రాస్తేనే తరవాత ఎవరైనా దండ వేయగలరు.

ఇటీవలి సంగతితో మొదలుపెడతాను. 2024 ఫిబ్రవరి 15న అయోవా విశ్వవిద్యాలయం క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్, కెల్సీ ప్లమ్ పేరిట ఉన్న 3,527 పాయింట్ల రికార్డును దాటింది. మహిళా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఇక ఆమెదే అగ్రస్థానమని పత్రికలు రాశాయి. రెండు వారాలు తిరక్కముందే, ఫిబ్రవరి 28న, ఆమె మరో రికార్డు దాటిందని మళ్లీ వార్త. ఈసారి 3,649. అది లినెట్ వుడార్డ్‌ది. మొన్ననే అందరినీ దాటేసిన అమ్మాయికి మధ్యలో ఇంకొకావిడ ఎక్కడి నుంచి వచ్చింది?

వుడార్డ్ ఎక్కడి నుంచో రాలేదు, 1981 నుంచీ అక్కడే ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయానికి నాలుగేళ్లు ఆడి ఆ ఏడాది చదువు ముగించింది. కాకపోతే ఆమె ఆడిన రోజుల్లో మహిళల క్రీడలు, ఇవాళ కళాశాలల ఆటల్ని నడుపుతున్న ఎన్‌సీఏఏ అనే సంఘం చేతిలో లేవు. 1971లో ఏర్పడిన ఏఐఏడబ్ల్యూ అనే మహిళల సంఘం వాటిని నడిపేది. 1981-82లో ఎన్‌సీఏఏ మహిళల పోటీలు మొదలుపెట్టింది. ఆటగత్తెలు వచ్చారు, కోర్టులు వచ్చాయి, టీవీ ఒప్పందాలు వచ్చాయి. పాత పద్దులు మాత్రం రాలేదు. ఏఐఏడబ్ల్యూ కాలపు పాయింట్లను ఎన్‌సీఏఏ తన రికార్డు పుస్తకంలో కలుపుకోలేదు. అందుకే ఫిబ్రవరి 15న ఒక రికార్డు, 28న ఇంకొకటి.

మార్చి 3న అదే క్లార్క్ పురుషుల రికార్డు కూడా దాటింది: 1970లో పీట్ మారావిచ్ ముగించిన 3,667. ఆ రోజు ఆట చూడటానికి వుడార్డ్ స్వయంగా వచ్చింది, అయోవా ప్రేక్షకులు ఆమెను గౌరవించారు. నెల తరవాత ఒక సమావేశంలో ఆమె, తన రికార్డు నిజంగా బద్దలైందని తాను అనుకోవడం లేదన్న అర్థంలో మాట్లాడింది. విమర్శలు వచ్చాయి, ఆమె వివరణ ఇచ్చుకుంది. నా మటుకు ఆ మాటలో అసూయ కనిపించలేదు. ఆమె ఆడింది పురుషుల బంతితో. మహిళలకు కాస్త చిన్న బంతి 1984-85 సీజన్లో గానీ రాలేదు. దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లన్న నియమం 1987-88లో వచ్చింది. వుడార్డ్ పాయింట్లన్నీ ఒకటో రెండో చొప్పున కూడినవి. క్లార్క్ గొప్పతనాన్ని ఇది తగ్గించదు. రెండు అంకెలను పక్కపక్కన పెట్టేవాళ్లు కింద ఈ నాలుగు ముక్కలూ రాయాలి, అంతే.

ఇక్కడితో అయిపోలేదు. 3,951 దగ్గర క్లార్క్ కళాశాల ఆట ముగిసింది. దక్షిణ కరోలినాలోని ఫ్రాన్సిస్ మారియన్ అనే చిన్న కళాశాలలో 1979 దాకా ఆడిన పెర్ల్ మూర్ లెక్క, మొదట ఒక జూనియర్ కళాశాలలో వేసినవి కూడా కలుపుకుని, 4,061. మహిళల్లో ఆ అంకెను ఎవరూ దాటలేదు. కళాశాల చిన్నది, టీవీ లేదు, ఏఐఏడబ్ల్యూ రద్దయింది. బాస్కెట్‌బాల్ దిగ్గజాలను గౌరవించే నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మూర్‌కు చోటు దొరికింది 2021లో.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. బాస్కెట్‌బాల్ పుట్టిన మరుసటి ఏడాదే, 1892లో, మసాచుసెట్స్‌లోని స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అనే వ్యాయామ ఉపాధ్యాయిని అమ్మాయిలకు ఆ ఆట నేర్పింది. కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి గడి దాటి వాళ్లు వెళ్లకూడదంది. ఎదుటివారి చేతిలోంచి బంతి లాక్కోకూడదంది. ఆడపిల్లలు అలిసిపోతారని లోకం భయపడుతున్న రోజులు కాబట్టి ఆ భయానికి సరిపడా నియమాలు రాసింది. దశాబ్దాల తరవాత కూడా ఆ భయం పోలేదు.

మిసిసిపీలో డెల్టా స్టేట్ అనే ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. 1930ల తొలినాళ్లలో అక్కడి మహిళల జట్టులో మార్గరెట్ వేడ్ ఆడేది. ఆట ఆడపిల్లలకు మరీ శ్రమ అవుతోందని కళాశాల ఉన్నపళంగా జట్టును రద్దు చేసింది. అమ్మాయిలు తమ ఆట దుస్తులు పోగేసి తగలబెట్టారు. వేడ్ తరవాత అదే ప్రాంతంలో ఒక హైస్కూలు అమ్మాయిలకు ఏళ్ల తరబడి కోచ్‌గా పనిచేసింది.

1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు స్త్రీపురుష భేదం చూపకూడదని దాని సారాంశం. డెల్టా స్టేట్ నలభై ఏళ్ల తరవాత మహిళల జట్టును మళ్లీ తెరిచింది. 1973లో కోచ్‌గా వేడ్‌నే పిలిచారు. అప్పటికి ఆమెకు అరవై ఏళ్లు. మన లెక్కలో రిటైరై మనవల్ని ఆడించుకునే వయసు. ఆమె 1975, 76, 77లలో వరసగా మూడు జాతీయ టైటిళ్లు గెలిపించింది. మధ్యలో ఒక దశలో 51 ఆటలు వరసగా గెలిచారు.

ఆ గెలుపులకు ఇరుసు లూసియా హారిస్. మిసిసిపీలోనే మింటర్ సిటీ అనే ఊళ్లో కౌలు రైతు కుటుంబం, పదకొండు మందిలో పదో సంతానం, ఆరడుగుల మూడంగుళాల పొడవు, జట్టులో ఏకైక నల్లజాతి అమ్మాయి. కళాశాలలో 2,981 పాయింట్లు, 1,662 రీబౌండ్లు. 1976 మాంట్రియల్‌లో మహిళల బాస్కెట్‌బాల్ తొలిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఆ పోటీల్లో మొట్టమొదటి బాస్కెట్ హారిస్ వేసింది. అమెరికాకు రజతం దక్కింది. 1977లో పురుషుల వృత్తి లీగు ఎన్‌బీఏలోని న్యూ ఆర్లియన్స్ జాజ్ జట్టు ఏడో రౌండులో ఆమెను ఎంపిక చేసింది. అప్పుడు గర్భవతిగా ఉన్న ఆమె వెళ్లలేదు. మహిళలకు నిలకడైన వృత్తి లీగు లేదు. ఆమె కోచింగ్ చేసింది, హైస్కూలులో పాఠాలు చెప్పింది, బైపోలార్ వ్యాధితో పోరాడింది.

మహిళా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే అత్యంత పాత జాతీయ పురస్కారం వేడ్ ట్రోఫీ. మార్గరెట్ వేడ్ పేరు మీద పెట్టిందే. మొదటిసారి ఇచ్చింది 1978లో. హారిస్ చదువు ముగిసింది 1977లో. ఏ అమ్మాయి ఆట వల్ల వేడ్ పేరు దేశమంతా తెలిసిందో ఆ అమ్మాయికి వేడ్ ట్రోఫీ లేదు. ఎవరూ కావాలని చేసిన అన్యాయం కాదు. పురస్కారం ఒక ఏడాది ఆలస్యంగా పుట్టింది. ఎంత చిన్న విషయం! రేపు ఎవరో ఒక పిల్ల ఇంటర్నెట్‌లో వేడ్ ట్రోఫీ విజేతల జాబితా చూస్తే మొదటి పేరు మాంట్‌క్లెయిర్ స్టేట్‌కు చెందిన కెరల్ బ్లేజియోస్కీ అని ఉంటుంది. ఆమె అర్హతకు తిరుగులేదు, 1977లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే ఆటలో 52 పాయింట్లు వేసిన మనిషి. కాని ఆ జాబితా చదివే పిల్లకు అంతకుముందు ఎవరూ లేరనిపిస్తుంది.

హారిస్‌కు దక్కినవీ ఉన్నాయి. కొడాక్ కంపెనీ అండతో 1975లో మొదలైన మహిళల ఆల్-అమెరికా జట్టులో మూడేళ్లూ ఆమె పేరుంది. 1977లో అన్ని ఆటల మీద కలిపి ఉత్తమ కళాశాల క్రీడాకారిణికి ఇచ్చే బ్రాడరిక్ కప్పు ఆమెదే. 1992లో హాల్ ఆఫ్ ఫేమ్. క్రీడాకారిణుల హోదాలో తొలిసారి అందులో అడుగుపెట్టిన ఇద్దరిలో ఆమె ఒకరు, రెండో ఆమె నెరా వైట్. 2022 జనవరిలో హారిస్ కన్నుమూసింది. రెండు నెలలకే ఆమె జీవితం మీద తీసిన ‘ద క్వీన్ ఆఫ్ బాస్కెట్‌బాల్’కు లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ వచ్చింది.

లెక్క రాసినవాళ్ల మాటకొస్తే, మెల్ గ్రీన్‌బర్గ్ పేరు చెప్పకపోతే పాపం. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో పనిచేసిన విలేకరి. ఆ ఊరికి దగ్గర్లోని ఇమాక్యులాటా అనే చిన్న క్యాథలిక్ కళాశాల 1972 నుంచి 74 దాకా వరసగా మూడు టైటిళ్లు గెలిచింది. టోర్నమెంటుకు వెళ్లడానికి ఆ అమ్మాయిలు టూత్‌బ్రష్‌లు అమ్మి డబ్బు కూడబెట్టారు, నన్‌లు గ్యాలరీల్లో బకెట్లు మోగించి ఉత్సాహపరిచారు. అలాంటి జట్లు దేశంలో ఇంకెన్ని ఉన్నాయో, ఎవరు ఎవరిని ఓడించారో ఒక చోట తెలిసే దారి లేదు. 1976లో గ్రీన్‌బర్గ్ కోచ్‌లకు ఫోన్లు చేసి వారం వారం స్కోర్లు రాబట్టి, ఓట్లు తీసుకుని, తొలి జాతీయ ర్యాంకింగు పట్టిక తయారుచేశాడు. అందులో మొదటి స్థానం డెల్టా స్టేట్‌ది. ఇప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ ప్రతి వారం విడుదల చేసే మహిళల ర్యాంకింగుకు మూలం ఆ ఫోన్లే. నా దృష్టిలో టైటిల్ నైన్ తరవాత ఈ ఆటకు అంత మేలు చేసిన పని మరొకటి లేదు. చట్టం తలుపు తీసింది, ఆ విలేకరి లోపల ఎవరున్నారో పేర్లు రాశాడు.

ఆ పట్టిక ఎంత ముఖ్యమో పురస్కారాల తేదీలు చూస్తే తెలుస్తుంది, మహిళలకు ఇవన్నీ దాని తరవాతే వచ్చాయి. నైస్మిత్ ట్రోఫీ పురుషులకు 1969లో మొదలైంది. మహిళలకు 1983లో, తొలి విజేత యాన్ డొనొవాన్. జాన్ వుడెన్ పేరిట పురస్కారం పురుషులకు 1977లో, మహిళలకు 2004లో, తొలి విజేత డ్యూక్ విశ్వవిద్యాలయం అమ్మాయి అలానా బియర్డ్. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) పురుషుల్లో ఉత్తముణ్ణి 1961 నుంచీ ఎంపిక చేస్తోంది. మహిళల్లో 1995 నుంచి, తొలి పేరు కనెటికట్ అమ్మాయి రెబెకా లోబో. పద్నాలుగేళ్లు, ఇరవై ఏడేళ్లు, ముప్పై నాలుగేళ్లు. షెరిల్ మిల్లర్ వరసగా మూడుసార్లు నైస్మిత్ గెలిచింది, 1984, 85, 86. ఏపీ జాబితా తెరిస్తే ఆమె పేరే ఉండదు, అప్పటికి ఆ జాబితా పుట్టలేదు.

ఇప్పుడేమో ట్రోఫీలు కోకొల్లలు. 2014లో ఉత్తమ క్రీడాకారిణి ఎవరంటే ఏపీ, నైస్మిత్ వాళ్లు బ్రియానా స్టీవర్ట్ అన్నారు, వుడెన్ వాళ్లు చినే ఒగ్వుమికే అన్నారు, వేడ్ ట్రోఫీ ఒడిస్సీ సిమ్స్‌కు ఇచ్చారు. ఒకే ఏడాది ముగ్గురు మొదటి ర్యాంకర్లు! మన కార్పొరేట్ కాలేజీల ఫలితాల ప్రకటనలు గుర్తొస్తే తప్పు నాది కాదు. ఒక్కో కమిటీ కొలమానం ఒకటి, ఓటువేసే సమయం ఒకటి. ఏపీ ఓట్లు జాతీయ టోర్నమెంటు మొదలవకముందే పడిపోతాయి, ఆ తరవాతి మూడు వారాల్లో ఎవరు ఎంత ఆడినా ఆ ఫలితం మారదు. అందరూ ఒక్కమాట మీదకొచ్చే ఏడాదులూ లేకపోలేదు. 2021లో పేజ్ బెకర్స్ కళాశాలలో చేరిన మొదటి ఏడాదే ఏపీ, నైస్మిత్, వుడెన్ మూడూ గెలిచింది, మొదటి ఏడాది విద్యార్థినికి అంతకుముందు అవి దక్కలేదు.

పాయింట్ గార్డుకు నాన్సీ లీబర్‌మన్, షూటింగ్ గార్డుకు యాన్ మేయర్స్ డ్రైస్‌డేల్, ఆపైన షెరిల్ మిల్లర్, కత్రీనా మెక్‌క్లెయిన్, లీసా లెస్లీ, ఇలా స్థానానికొకటి చొప్పున ట్రోఫీలున్నాయి. ఇంత విభజన అవసరమా అని నాకూ అనిపించేది. కాని ఆ పేర్లు చూడండి, అందరూ ఆడి చూపించిన స్త్రీలే. నైస్మిత్, వుడెన్ ట్రోఫీలు అందుకుంటున్నప్పుడు అమ్మాయి చేతిలో ఉండేది ఒక మగ కోచ్ పేరు. లెస్లీ ట్రోఫీ అందుకుంటే లెస్లీ ఎవరో తెలుసుకోక తప్పదు. 1976 ఒలింపిక్ జట్టులో హారిస్‌తో పాటు లీబర్‌మన్, మేయర్స్, పాట్ హెడ్ ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లూ ఇవాళ ఏదో ఒక పురస్కారం మీద ఉన్నాయి.

ఆ పాట్ హెడ్డే తరవాతి పాట్ సమిట్. కోచ్‌ల సంగతి ఆమెతోనే మొదలుపెట్టాలి. 1974లో, 22 ఏళ్ల వయసులో టెనెసీ విశ్వవిద్యాలయం మహిళల జట్టు ఆమె చేతికొచ్చింది. జీతం నెలకు 250 డాలర్లు. జట్టు దుస్తులు తనే ఉతికేది, వేరే ఊళ్లో ఆటుంటే వ్యాన్ తనే నడిపేది. ఈ హాల్లో ఉన్న పి.డి.లకు ఇది వింతగా తోచదు. ఆమె 38 సీజన్లలో 1,098 గెలుపులు, 8 జాతీయ టైటిళ్లు సాధించింది. ఉత్తమ మహిళా జట్టు కోచ్‌కు నైస్మిత్ పురస్కారం 1987లో మొదలైతే తొలి పేరు ఆమెది. 2000లో శతాబ్దపు కోచ్ అని అదే సంస్థ గౌరవించింది. 2011లో అల్జైమర్స్ ఉందని తేలింది, 2012లో కోచింగ్ మానుకుంది, ఆ ఏడే అధ్యక్షుడి చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకుంది. 2016లో పోయింది. తన దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పూర్తిచేసిందని ఆమె చెప్పుకునేది. ఏ ట్రోఫీ మీదా ఉండని ఆ లెక్కే నాకు అన్నిటికంటే నచ్చింది.

ఇక్కడొక చేదు సంగతి. 1972లో అమెరికా కళాశాలల మహిళా జట్లలో, అన్ని ఆటలూ కలిపి, 90 శాతానికి పైగా కోచ్‌లు స్త్రీలే. డబ్బు లేదు, పేరు లేదు, పోటీకి వచ్చేవాళ్లూ లేరు. జీతాలు పెరిగి, టీవీలు వచ్చి, పురస్కారాలు మొదలయ్యాక ఆ వాటా సగం కంటే కిందికి పడింది. కనెటికట్‌కు 1985 నుంచి కోచ్‌గా ఉన్న జీనో ఆరియెమా 12 టైటిళ్లు గెలిచాడు, మరెవరికీ అన్ని లేవు. అతని ప్రతిభ మీద నాకు ఏ సందేహమూ లేదు. బకెట్లు మోగిన కాలంలో ఖాళీగా ఉన్న కుర్చీ దండలు పడే కాలానికి నిండిపోవడం మాత్రం మనకు కొత్త కథ కాదు.

ఆ ధోరణికి ఎదురు నిలిచిన మనిషి డాన్ స్టేలీ. ఫిలడెల్ఫియా పిల్ల. వర్జీనియా విశ్వవిద్యాలయానికి ఆడుతూ 1991, 92లలో నైస్మిత్ ఉత్తమ క్రీడాకారిణి. దక్షిణ కరోలినా కోచ్‌గా 2020లో నైస్మిత్ ఉత్తమ కోచ్. క్రీడాకారిణిగానూ కోచ్‌గానూ ఆ పురస్కారం పొందిన మొదటి వ్యక్తి ఆమే. 2022, 23, 24లలో మళ్లీ వచ్చింది. 2024లో ఆమె జట్టు ఒక్క ఆట కూడా ఓడకుండా 38 గెలిచి టైటిల్ పట్టుకుపోయింది. మనవాళ్లలో 1999లో అర్జున, 2009లో ద్రోణాచార్య అందుకున్న పుల్లెల గోపీచంద్ ఇలాంటి రెండు దరులూ చూసినవాడు. 2021లో స్టేలీ కుదుర్చుకున్న ఒప్పందం ఏడేళ్లకు 2.24 కోట్ల డాలర్లు. సమిట్ 250 డాలర్ల పక్కన ఈ అంకె పెట్టి చూసుకోండి.

గౌరవం, డబ్బు జంటగా నడుస్తాయనుకోకండి. ఆ 2021లోనే జాతీయ టోర్నమెంటులో పురుషుల జట్లకు పెద్ద వ్యాయామశాల, మహిళలకు ఒక్క స్టాండు నిండా డంబెల్స్ ఇచ్చారు. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ దాన్ని ఫోన్లో వీడియో తీసి లోకానికి చూపించింది. ‘మార్చ్ మ్యాడ్‌నెస్’ అన్న పేరు మహిళల టోర్నమెంటుకు వాడుకోనిచ్చింది ఆ మరుసటి ఏడు. 2024 ఫైనల్‌ను టీవీలో సగటున 1.89 కోట్ల మంది చూశారు, పురుషుల ఫైనల్‌ను 1.48 కోట్ల మంది. టోర్నమెంటులో గెలిచిన మహిళల జట్లకు, పురుషులకు దశాబ్దాలుగా ఇస్తున్నట్టే, ఆటకింత అని డబ్బు చెల్లించాలని ఎన్‌సీఏఏ సభ్యులు ఓటేసింది 2025 జనవరిలో.

ఇక ఈ కళాశాల సంగతి ఒకటి అడిగి ముగిస్తాను. ఇంటర్ కాలేజియేట్ మ్యాచ్‌ల స్కోరు షీట్లు వ్యాయామ విభాగం బీరువాలో ఎన్నేళ్లవి ఉన్నాయి? మేడం తన కాలంలో రాసినవి కొన్నయినా మిగిలే ఉంటాయి. ఈ స్మారక నిధి మీద వచ్చే వడ్డీలో ఈ ఏటి భాగాన్ని మెడల్స్‌కు బదులు వాటిని వెతికి, స్కాన్ చేయించి, పేర్లతో సహా ఒక పట్టికగా అచ్చువేయడానికి ఖర్చుపెట్టండి. ఏ షీటు మీదైనా ఇంటిపేరు లేకుండా వట్టి మొదటి అక్షరమే ఉంటే, పాత విద్యార్థినులు ఈ ఊళ్లోనే ఉన్నారు, అడిగి పూర్తిపేరు రాయించండి. నా ఉపన్యాసానికి ఇవ్వదలచిన పారితోషికం కూడా అందులో కలపమని ప్రిన్సిపాల్ గారితో ఇప్పటికే చెప్పాను.